అందరం ఒకే బోటులో ఎక్కాలా?

విశాఖపట్నానికి కనుచూపు మేరా సముద్రం ఉంది. కానీ పిల్లాపాపలతో వెళ్ళి నాలుగు రోజులు ఉండి రావడానికి దగ్గర్లో దీవి లేదు. రుషికొండలో బోటెక్కితే మళ్ళీ రుషికొండలోనే దిగాలి. కాకినాడ దాకా వెళ్తే గోదావరి తెచ్చిపోసిన ఇసుకతో ఏర్పడ్డ హోప్ ఐలాండ్ ఉంది గానీ అది ఒక పూట ముచ్చటే. అందుకే మన దగ్గర నాలుగు కుటుంబాలు కలిసి ఏదైనా దీవికి పోదామనుకుంటే మాట నేరుగా అండమాన్ మీదికి వెళ్తుంది. విశాఖ నుంచి అక్కడికి ఓడలు నడవడం కొత్తేమీ కాదు. ఉత్తరాంధ్ర నుంచి వెళ్ళి స్థిరపడినవాళ్ళు అక్కడ వేలల్లో ఉన్నారు. పోర్ట్ బ్లెయిర్ పేరు 2024లో శ్రీ విజయపురంగా మారింది, హేవ్‌లాక్ 2018లోనే స్వరాజ్ ద్వీప్ అయింది. ఇంట్లో మాత్రం ఇంకా పాత పేర్లే నడుస్తున్నాయి.

విమానం టికెట్లు, హోటల్ గదులు ఎలాగోలా కుదిరిపోతాయి. టెన్షన్ బోటు దగ్గర మొదలవుతుంది. వాట్సాప్ గ్రూపులో ఎవరో ఒక బావగారు అంటారు: "బోటు మొత్తం మనమే మాట్లాడేసుకుందాం. అందరం కలిసి వెళ్దాం. ఎక్కడ కావాలంటే అక్కడ ఆపుకుందాం." వినడానికి బాగుంటుంది. కానీ ఆ మాటల్లో మూడు వేర్వేరు విషయాలు కలగాపులగం అయిపోయాయి. బోటు మొత్తం మాట్లాడుకోవడం కొన్ని చోట్లే కుదురుతుంది. ఎక్కడ కావాలంటే అక్కడ ఆపుకోవడం దాదాపు ఎక్కడా కుదరదు. ఇక అందరం కలిసి వెళ్ళడమా, అది కుదిరినా ఒకసారి ఆగి ఆలోచించాల్సిన విషయం.

ఏ బోటు మాట్లాడుకోవచ్చు

అండమాన్‌లో నీటి మీద ప్రయాణాన్ని మూడు అంచెలుగా చూస్తే చిక్కు సగం విడిపోతుంది. మొదటిది పెద్ద దీవుల మధ్య ప్రయాణం. శ్రీ విజయపురం నుంచి స్వరాజ్ ద్వీప్‌కు, అక్కడి నుంచి షహీద్ ద్వీప్‌కు, అంటే పాత నీల్ ఐలాండ్‌కు వెళ్ళడం. ఇది ఊరికి బస్సులో వెళ్ళడం లాంటిదే. ప్రభుత్వ ఫెర్రీలున్నాయి, కెటమరాన్లనే వేగంగా వెళ్ళే ప్రైవేటు ఓడలున్నాయి. సీటుకు ఇంత అని టికెట్. శ్రీ విజయపురం నుంచి స్వరాజ్ ద్వీప్‌కైతే గంటన్నర నుంచి రెండున్నర గంటల దాకా సముద్రం మీద ఉంటారు. పదిహేను మంది ఉన్నారని ఈ దారిలో సొంతానికో బోటు మాట్లాడుకోవాల్సిన పని లేదు. ఎవరైనా చిన్న బోటు చూపించి "నేనే దింపేస్తా" అంటే ఒప్పుకోకండి. తెరిచిన సముద్రంలో అంత దూరానికి పెద్ద ఫెర్రీయే తగినది. గ్రూపు పెద్దదైతే సెలవుల కాలంలో ముందే టికెట్లు తీసుకోవాలి, అంతే.

రెండో అంచె పగటిపూట వెళ్ళి వచ్చే దీవులు. రాస్ ఐలాండ్, నార్త్ బే, వండూర్ నుంచి జాలీ బాయ్ ఈ రకం. వీటికి బోట్లు ఒక పద్ధతి ప్రకారం తిరుగుతాయి. జాలీ బాయ్ మహాత్మా గాంధీ మెరైన్ నేషనల్ పార్కులో ఉంది కాబట్టి అటవీ శాఖ అనుమతి కావాలి. ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ తీసుకెళ్ళనివ్వరు. పగడాలకు విశ్రాంతి ఉండాలని ఏడాదిలో కొంత కాలం జాలీ బాయ్, మిగతా కాలం రెడ్ స్కిన్ దీవి తెరుస్తారు. మీరు వెళ్ళే నెలలో ఏది తెరిచి ఉంటుందో చూసుకోకుండా పిల్లలకు జాలీ బాయ్ ఫొటోలు చూపించి ఊరించకండి.

మూడో అంచెలోనే నిజంగా బోటు మొత్తం మాట్లాడుకునే వీలుంటుంది. స్వరాజ్ ద్వీప్ జెట్టీ నుంచి ఎలిఫెంట్ బీచ్‌కు స్పీడ్ బోటు, చేపలు పట్టడానికి సగం రోజు ట్రిప్పు, స్నార్కెలింగ్ (గొట్టంతో ఊపిరి తీసుకుంటూ నీటిలోపలికి చూడటం) ట్రిప్పు, ఉత్తరాన దిగ్లీపూర్ దగ్గర ఏరియల్ బే నుంచి రాస్, స్మిత్ జంట దీవులకు వెళ్ళే చిన్న బోట్లు ఇందులోకి వస్తాయి. నగరం దగ్గరున్న రాస్ వేరు, దిగ్లీపూర్ రాస్ వేరు. బుకింగ్‌లో ఈ రెండూ తారుమారైతే ఒక రోజు పోతుంది. బేరం, లెక్క, జాగ్రత్త అన్నీ ఈ మూడో అంచెకే అవసరం.

"ఎక్కడ కావాలంటే అక్కడ" అన్న దానికి సమాధానం చిన్నదే. అండమాన్ నికోబార్‌లో చిన్నాపెద్దా కలిపి 800కు పైగా దీవులు, రాతి గుట్టలు ఉన్నాయి. జనం ఉండేవి 40 లోపే. చాలావాటిలో కాలు పెట్టడానికి మనకు అనుమతి లేదు. కొన్ని గిరిజనులకు కేటాయించిన ప్రాంతాలు, 1956 నాటి రక్షణ నిబంధనల కింద ఉన్నవి. కొన్ని అభయారణ్యాలు. కొన్ని రక్షణ శాఖవి. బోటు అద్దె కట్టినంత మాత్రాన ఈ గీతలు చెరిగిపోవు. "ఖాళీ దీవి చూపిస్తాం, ఎవరూ ఉండరు" అని ఎవరైనా ఊరిస్తే, అక్కడ ఎవరూ ఎందుకు లేరని అడగండి.

పదహారు మంది, పన్నెండు సీట్లు

ఇప్పుడు అసలు విషయం. మొత్తంగా అద్దెకు దొరికే చిన్న బోట్లు చాలావరకు ఆరు నుంచి పన్నెండు మంది లోపే ఎక్కించుకునేవి. ఇది ఒక్క అండమాన్‌లోనే కాదు. ప్రయాణికులు 12 మంది దాటితే దాన్ని పాసింజర్ నౌకగా లెక్కగట్టే పద్ధతి మన మర్చంట్ షిప్పింగ్ చట్టంలో ఉంది, అంతర్జాతీయ నియమాల్లోనూ ఉంది. అక్కడి నుంచి నిబంధనలు బిగుస్తాయి. కాబట్టి చాలా దేశాల్లో చిన్న బోట్ల వ్యాపారం పన్నెండు దగ్గర ఆగిపోతుంది.

మన కుటుంబాలు మాత్రం పన్నెండు దగ్గర ఆగవు. తాతయ్య, నాన్నమ్మ, ఇద్దరు మేనత్తలు, వాళ్ళ పిల్లలు అంటూ పదహారు అవుతారు. అప్పుడు మొదలవుతుంది మన లెక్క. "పిల్లలు నలుగురూ లెక్కలోకి రారు కదా, ఒళ్ళో కూర్చోబెట్టుకుంటాం." షేర్ ఆటోలో సర్దుకున్నట్టు సర్దుకుందామన్న ఆలోచన ఇది. ఆటో నేల మీద ఉంటుంది. బోటు కింద నేల లేదు. తేడా అంతా అక్కడే ఉంది.

బోటు మీద రాసి ఉండే సంఖ్య ఎలా వస్తుందో తెలిస్తే ఈ సర్దుబాటు ఎందుకు పనికిరాదో అర్థమవుతుంది. స్థిరత్వం లెక్కల్లో మనిషికి 75 కిలోలు అనుకోవడం అంతర్జాతీయంగా ఉన్న ఆనవాయితీ. పన్నెండు మందంటే 900 కిలోలు. ఇంకో నలుగురు పెద్దవాళ్ళు ఎక్కితే 300 కిలోలు అదనం. పిల్లలైతే బరువు తగ్గుతుంది నిజమే. కానీ సంఖ్యకు బరువొక్కటే కారణం కాదు. ఎన్ని సీట్లున్నాయి, ఎన్ని లైఫ్ జాకెట్లున్నాయి, తిరగబడితే ఎంతమందిని ఎంతమంది సిబ్బంది అందుకోగలరు అన్నది కూడా ఆ సంఖ్యలో ఉంది. ఆ చివరి లెక్కలో మూడేళ్ళ పిల్ల అర మనిషి కాదు, ఇద్దరు మనుషుల పని.

బోటు నిలబడేది ఎలాగంటే, అది ఒక పక్కకు వాలినప్పుడు ఆ పక్కన ఎక్కువ భాగం నీటిలోకి దిగుతుంది. అక్కడి నీరు దాన్ని పైకి తోసి మళ్ళీ నిటారుగా తెస్తుంది. ఈ తోపుడు పనిచేయాలంటే రెండు ఉండాలి. బోటు అంచు నీటికి తగినంత ఎత్తులో ఉండాలి, బరువు వీలైనంత కిందికి ఉండాలి. జనం ఎక్కువైతే రెండూ ఒకేసారి చెడిపోతాయి. అంచు నీటికి దగ్గరవుతుంది. సీట్లు చాలక నిలబడినవాళ్ళ వల్ల, పై అంతస్తు ఎక్కినవాళ్ళ వల్ల బరువు పైకి జరుగుతుంది. ఆ స్థితిలో ఎవరో "అదిగో డాల్ఫిన్!" అని అరిచారనుకోండి. అందరూ ఫోన్లు పట్టుకుని అటు పరుగెత్తుతారు. అంచు మీదుగా నీళ్ళు లోపలికి వస్తే ఆ నీళ్ళు కూడా వాలిన వైపే చేరతాయి. అక్కడి నుంచి బోటు చేతిలో లేనట్టే, నడిపే సరంగు ఎంత గొప్పవాడైనా సరే. 2009లో కేరళ తేక్కడి చెరువులో 40 మందికి పైగా చనిపోయిన ప్రమాదంలో అడవి జంతువుల్ని చూడటానికి జనం ఒక పక్కకు చేరారన్న మాట అప్పట్లో గట్టిగా వినిపించింది. అది కూడా రెండంతస్తుల బోటే.

ఇలాంటి ప్రమాదాలను వరసగా చూస్తే ఒక పోలిక కనిపిస్తుంది. 2014 జనవరి 26న పోర్ట్ బ్లెయిర్ దగ్గర పర్యాటకుల బోటు మునిగి 21 మంది చనిపోయారు. పాతిక మంది ఎక్కాల్సిన బోటులో నలభై మందికి పైగా ఉన్నారు. చాలామంది తమిళనాడు నుంచి గ్రూపుగా వచ్చినవాళ్ళు. 2017 నవంబరు 12న విజయవాడ దగ్గర పవిత్ర సంగమం వద్ద కృష్ణలో పడవ తిరగబడింది. చనిపోయిన 20 మందికి పైగా జనంలో ఎక్కువమంది ఒంగోలు నుంచి కలిసి వచ్చినవాళ్ళు. 2023 మే 7న కేరళలోని తానూరులో 22 మంది పోయారు, వాళ్ళలో 11 మంది ఒకే కుటుంబం. ముక్కూ మొహం తెలియనివాళ్ళు బోటు నిండుగా ఉంటే ఎక్కడానికి వెనకాడతారు, తర్వాతి దాంట్లో వెళ్దామనుకుంటారు. గ్రూపులో ఎవరూ వెనకాడరు. మనవాళ్ళు ఎక్కారు కాబట్టి మనమూ ఎక్కాలి, పెద్దమ్మను ఒడ్డున వదిలి ఎలా వెళ్తాం అనుకుంటారు. జట్టుగా ఉండటమే జాగ్రత్తను పక్కకు నెట్టేస్తుంది.

కాబట్టి నా అభిప్రాయం సూటిగా చెప్తాను. పదహారు మందైతే రెండు బోట్లు తీసుకోండి. లెక్క కోసం ఒక బోటు పది వేలు అనుకుందాం. ఒక్క బోటులో ఇరుక్కుంటే తలకు 625 రూపాయలు, రెండు బోట్లయితే 1,250. విమానం టికెట్ల ముందు ఆ తేడా ఏపాటిది? పైగా రెండు బోట్లు ఒకదాని కంటికి ఒకటి కనిపిస్తూ వెళ్తే ఒకదాని ఇంజను ఆగినా రెండోది పక్కనే ఉంటుంది. సర్దేటప్పుడు కుర్రకారంతా ఒక దాంట్లో, పెద్దవాళ్ళంతా ఒక దాంట్లో అని విడగొట్టకండి. చిన్నపిల్లలు తమ తల్లిదండ్రులతోనే ఉండాలి, ఈత వచ్చినవాళ్ళు రెండింటిలోనూ ఉండాలి. ఫొటోలో అందరూ ఒకేచోట రాలేదన్న బెంగ ఉంటే, దీవిలో దిగాక తీసుకోవచ్చు.

లైఫ్ జాకెట్ గురించి ఒక్క మాట. బోటులో జాకెట్లు ఉన్నాయా అన్నది సరైన ప్రశ్న కాదు, పిల్లల సైజువి ఉన్నాయా అని అడగాలి. పెద్దవాళ్ళ జాకెట్ పిల్లకు తొడిగితే నీళ్ళలో పడ్డాక జాకెట్ పైకి తేలుతుంది, పిల్ల కిందికి జారుతుంది. పరీక్ష సులువు: తొడిగి బకిల్స్ పెట్టాక భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగండి. గడ్డం దాటి చెవుల దాకా వస్తే అది ఆ పిల్లది కాదు. 2024 డిసెంబరులో ముంబైలో ఎలిఫెంటాకు వెళ్తున్న ఫెర్రీని నేవీ స్పీడ్ బోటు గుద్దినప్పుడు చాలామంది ఒంటి మీద జాకెట్లు లేవు. ఆ తర్వాతే అక్కడ అందరూ తొడుక్కోవాలని పట్టుబట్టారు. మన ఆడవాళ్ళకు ఇంకో మాట కూడా చెప్పాలి. కుచ్చిళ్ళు తడిస్తే కాళ్ళకు చుట్టుకుంటాయి. బోటు రోజున అత్తగారికైనా సరే చుడీదారే మంచిది. ఒప్పించే బాధ్యత కూతుళ్ళది, కోడళ్ళకు వదలకండి.

"మనోడే బాబూ"

అండమాన్‌లో మన గ్రూపులకు మాత్రమే ఎదురయ్యే చిక్కు ఇంకొకటుంది. జంగ్లీఘాట్ లాంటి చోట్ల చేపల వేటకు వెళ్ళే కుటుంబాల్లో చాలామంది శ్రీకాకుళం, విశాఖ తీరాల నుంచి వెళ్ళినవాళ్ళు. అంత దూరంలో చెవిన తెలుగు పడితే ప్రాణం లేచి వస్తుంది. మాట కలుస్తుంది, ఊరు కలుస్తుంది, ఎవరో దూరపు చుట్టరికం కూడా కలుస్తుంది. "మనోడే బాబూ, పైసా ఎక్కువ తీసుకోడు, తన బోటులోనే తిప్పుతాడంట" అంటారు ఇంట్లోవాళ్ళు.

అతని పనితనం మీద నాకు అనుమానం లేదు. కెరటం చదవడంలో అతనికున్న జ్ఞానం ఏ ట్రావెల్ ఏజెంటుకీ ఉండదు. ప్రశ్న బోటు గురించి. వేట బోటును వలలు, చేపలు, పని తెలిసిన నలుగురైదుగురు మనుషుల కోసం కడతారు. పట్టుకోవడానికి కడ్డీలుండవు, నాన్నమ్మ కూర్చోవడానికి బల్ల ఉండదు, పదహారు జాకెట్లు ఉండవు. వేట లైసెన్సు ప్రయాణికులను ఎక్కించుకునే అనుమతి కాదు. తానూరులో మునిగింది కూడా వేట పడవను మార్చి పర్యాటకులకు తిప్పినదే. ఏదైనా జరిగితే బీమా వాళ్ళు మొదట అడిగేది కూడా ఆ కాగితమే. అప్పుడు నష్టపోయేది మనం ఒక్కళ్ళమే కాదు, అతని బోటు, అతని బతుకు కూడా పోతాయి. అతని స్నేహం వాడుకోవాల్సిన చోటు వేరే ఉంది. ఫలానా బోటు ఎలాంటిది, ఫలానా సరంగు తాగి నడుపుతాడా, రేపు సముద్రం ఎలా ఉంటుంది అని అతన్నే అడగండి. నిజం చెప్తాడు.

కాగితాలు అడగడానికి మొహమాటపడాల్సిన పని లేదు. రిజిస్ట్రేషను, గడువు తీరని సర్వే సర్టిఫికెట్ (బోటును పరీక్షించి ఇచ్చే పత్రం), నడిపేవాడి లైసెన్సు, బీమా ఉన్నాయా అని అడగాలి. బోటు పక్కన రాసి ఉన్న నంబరు, ఎంతమంది ఎక్కవచ్చన్న సంఖ్య ఆ కాగితాలతో సరిపోవాలి. సరైన యజమాని అయితే ఫోన్‌లోనే ఫొటోలు పంపిస్తాడు. "అవన్నీ మీకెందుకండీ" అన్నాడంటే ఇంకో బోటు చూసుకోవడమే.

ఎండ తొందరగా పోతుంది, నీరు వెనక్కి పోతుంది

గడియారం ఒకటే అయినా సూర్యుడు ఒకటి కాదు. అండమాన్ మనకంటే 9 డిగ్రీలకు పైగా తూర్పున ఉంది. డిగ్రీకి 4 నిమిషాల చొప్పున చూస్తే మనకంటే అరగంటకు పైగా ముందు నడుస్తోంది. డిసెంబరులో అక్కడ సాయంత్రం ఐదింటికల్లా పొద్దు గుంకుతుంది. చీకటి పడేలోపు బోట్లు జెట్టీ చేరాలి కాబట్టి మధ్యాహ్నం మూడింటి నుంచే తిరుగు ప్రయాణం హడావిడి మొదలవుతుంది. టిఫిన్లు చేసి, పిల్లల్ని తయారు చేసి, పదకొండింటికి జెట్టీకి చేరే గ్రూపు "రోజంతా" అని డబ్బు కట్టి నాలుగు గంటలు కొనుక్కున్నట్టు. ఏడింటికల్లా జెట్టీ దగ్గర ఉండలేమనుకుంటే సగం రోజు ట్రిప్పే మాట్లాడుకోవడం నయం.

పోటుపాట్ల సంగతి ఏజెంటు తనంతట తాను చెప్పడు. పాటు సమయంలో నీరు వెనక్కి తగ్గితే పగడపు రాళ్ళు బయటపడతాయి, బోటు ఒడ్డుకు రాలేదు. దూరంగా ఆగుతుంది, మోకాలి లోతు నీళ్ళలో రాళ్ళ మీద నడిచి వెళ్ళాలి. మోకాళ్ళ నొప్పులున్న నాన్నమ్మకు అక్కడే ప్రయాణం ముగిసిపోతుంది. దిగ్లీపూర్ జంట దీవులను కలిపే ఇసుక దారి పోటు వచ్చినప్పుడు మునిగిపోతుంది, చూడాలంటే పాటు ఉండాలి. అంటే ఒకచోట పోటు కావాలి, ఇంకోచోట పాటు కావాలి. అమావాస్య, పౌర్ణమి దగ్గర ఈ తేడాలు ఎక్కువ. పోటు వచ్చే వేళ రోజురోజుకీ దాదాపు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది. కాబట్టి "ఎన్నింటికి బయల్దేరుతాం" అని కాకుండా "ఎన్నింటికి పోటు, దిగే చోట జెట్టీ ఉందా" అని అడగండి. జెట్టీ లేకపోతే పెద్దవాళ్ళకు ఆ రోజు వేరే కార్యక్రమం పెట్టడం వాళ్ళకూ హాయి.

సముద్రం వద్దంటే

విశాఖవాళ్ళకు తుపాను భాష నేర్పక్కర్లేదు. వాయుగుండం, మూడో నంబరు ప్రమాద హెచ్చరిక అన్న మాటలు వార్తల్లో వింటూ పెరిగాం, 2014లో హుద్‌హుద్ చూశాం. కానీ సెలవు ప్రయాణం వేసేటప్పుడు ఆ తెలివి ఇంట్లో పెట్టి వెళ్తాం. బంగాళాఖాతంలో అక్టోబరు నుంచి డిసెంబరు దాకా తుపానుల కాలం. చాలా వాయుగుండాలు అండమాన్ దగ్గరే పుట్టి మన వైపు వస్తాయి. 2016 డిసెంబరు మొదట్లో అలా పుట్టినదే తర్వాత చెన్నైని తాకిన వర్దా. అప్పుడు ఫెర్రీలు ఆగిపోయి హేవ్‌లాక్‌లో వెయ్యి మందికి పైగా పర్యాటకులు చిక్కుకుంటే నేవీ ఓడలు వెళ్ళి తీసుకురావాల్సి వచ్చింది. మే చివరి నుంచి నైరుతి రుతుపవనాల కాలం. జనవరి చివరి నుంచి మార్చి దాకా సముద్రం మెత్తగా ఉంటుంది. పిల్లల పరీక్షలు అడ్డం వస్తాయన్నది నిజమే. అయినా క్రిస్మస్ సెలవులకూ సంక్రాంతి సెలవులకూ మధ్య ఎంచుకోవాలంటే నేను సంక్రాంతినే ఎంచుకుంటాను. కనుమ రోజు మాంసం అక్కడా దొరుకుతుంది.

తిరుగు విమానానికి ముందు రోజు బయటి దీవిలో ఉండకండి. ఆ ఒక్క రాత్రి శ్రీ విజయపురంలో ఉంటే, ఫెర్రీ రద్దయినా విమానం పోదు. హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ అనే సముద్ర సమాచార కేంద్రం కెరటాల ఎత్తు, ఉప్పెనల గురించి రోజూ సూచనలు ఇస్తుంది. బయల్దేరే ముందు రాత్రి ఒకసారి చూసుకోండి.

డబ్బు సంగతి కూడా వాతావరణంతో ముడిపడినదే. రద్దు రెండు రకాలు. మనం మానుకుంటే అడ్వాన్సు పోవడం న్యాయమే. సముద్రం బాగా లేక బోటు వదలకపోతే డబ్బు వెనక్కి ఇవ్వాలి లేదా ఇంకో రోజు తీసుకెళ్ళాలి. ఈ రెండూ వేర్వేరని ముందే మాట్లాడుకోకపోతే జెట్టీ దగ్గర గొడవ. ఇంకో ఇబ్బంది ఏంటంటే, అడ్వాన్సు పెద్దదైతే మనమే సరంగును ఒత్తిడి చేస్తాం. "ఇంత దూరం వచ్చాం, కొంచెం గాలికి భయమా" అంటాం. అందుకే అడ్వాన్సు వీలైనంత తక్కువ ఇవ్వండి, మిగతాది తిరిగి వచ్చాక. ఇవాళ వద్దని సరంగు అంటే ఆ మాటే చివరిదని ఇంట్లో అందరికీ ముందే చెప్పి ఉంచండి, ముఖ్యంగా ఆ బావగారికి.

ఫోన్‌లో మాట్లాడుకున్నవన్నీ ఆ రాత్రే ఒక మెసేజ్‌గా పెట్టి "సరే" అని జవాబు తెప్పించుకోవడం మంచిది. బోటు నంబరు, ఎంతమంది ఎక్కవచ్చు, మేం పిల్లలతో కలిపి ఎంతమందిమి, ఎన్ని గంటలు, గంటలు జెట్టీ వదిలినప్పటి నుంచా దీవి చేరినప్పటి నుంచా, డీజిల్, పర్మిట్లు, స్నార్కెలింగ్ సామాను, పన్ను కలిపేనా, పిల్లల జాకెట్లు ఎన్ని, సముద్రం బాగాలేకపోతే ఏం చేస్తారు. ఇవి ఉంటే చాలు. హిందీలో రాయడం కష్టమైతే తెలుగులోనే వాయిస్ మెసేజ్ పెట్టండి. అక్కడ విని అర్థం చెప్పే మనోళ్ళు ఒకరైనా ఉంటారు.